వివేకవర్ధని: ముద్రణ స్వాతంత్ర్యం, సంపాదకత్వం

వివేకవర్ధనిని సంఘసంస్కరణ సాధనంగా పరిశీలించడం పరిపాటి. దాని ముద్రణ చరిత్ర కూడా అంతే ప్రధానం. 1874లో కందుకూరి వీరేశలింగం ఆరంభించిన ఈ మాసపత్రిక తొలుత చెన్నపట్నంలో అచ్చయ్యేది. గోదావరి ప్రాంతానికి రైలుమార్గం లేని ఆ కాలంలో రాతప్రతి పంపడానికీ, అచ్చయిన ప్రతులు తెప్పించుకోవడానికీ దూరమే ప్రధాన ప్రతిబంధకం. సంపాదకుడు రచన ముగించినా పత్రిక వెలువడే తేదీ పూర్తిగా ఆయన అధీనంలో ఉండదు. స్థానిక అధికారుల అవినీతిని ఎండగట్టే పత్రికకు ఆలస్యం చిన్న లోపం కాదు. కాలం తప్పిన విమర్శకు పదును తగ్గుతుంది.

రాజమహేంద్రవరంలో సొంత ముద్రాక్షరశాల నెలకొన్నాక రచయిత, సంపాదకుడు, ముద్రాపకుడు ఒక్కరే అయ్యారు. 1878లో రాజశేఖర చరిత్రము ఈ పత్రికలోనే ధారావాహికంగా వెలువడింది. విడతలుగా సాగే రచనకు క్రమం తప్పని ముద్రణే ఆధారం. కనుక తెలుగు నవల ఆవిర్భావాన్ని ఆంగ్ల సాహిత్య ప్రభావంతో మాత్రమే వివరించడం అసమగ్రం. అచ్చుయంత్రం సామీప్యాన్ని కూడా అందులో పరిగణించాలి.