బళ్ళారి ఎండ, మన చర్మం

పోయిన మీటింగులో ఒక తల్లి లేచి అడిగింది: "అన్నా, మా పాపకు కాస్త ఎండ తగిలితే చాలు ముఖమంతా మచ్చలు వస్తాయి. ఇది దిష్టా, ఏదైనా దోషమా?" ఆ రోజు మేము సరైన జవాబు ఇవ్వలేకపోయాం. అందుకే ఇంత పొడుగు రాత.

మన బళ్ళారి కంటోన్మెంటుగా ఉన్న కాలంలో తెల్లవాళ్ళు జీలుగు బెండుతో చేసిన సోలా టోపీ లేకుండా ఎండలోకి వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ భయం చర్మం గురించి కాదు. ఎండ పుర్రె దాటి మెదడును కాలుస్తుందని నమ్మేవాళ్ళు, వెన్నుకు కూడా ప్యాడ్లు కట్టుకునేవాళ్ళు!

చర్మాన్ని గమనించినవాళ్ళు వేరే. 1894లో ఉన్నా అనే జర్మన్ వైద్యుడు ఓడ కార్మికుల ముఖాల మీద, చేతుల మీద గరుకు మచ్చలను, వాటి నుంచి వచ్చే క్యాన్సర్‌ను వర్ణించాడు. రెండేళ్ళకు ఫ్రాన్సులో దుబ్రేయ్ ద్రాక్షతోటల కూలీలలో అదే చూశాడు. 1928లో ఫిండ్లే అతినీలలోహిత దీపం కింద ఎలుకలను ఉంచి, కారణం ఆ కాంతేనని చూపించాడు.

లోపల జరిగేది తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఎండ కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బను కణమే రోజూ రిపేరు చేసుకుంటుంది, మా గ్యాంగ్‌మన్లు పట్టాలు చూసుకున్నట్టు. జిరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు ఉన్నవాళ్ళలో ఆ రిపేరే సరిగా జరగదని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. ఆ పిల్లలకు చిన్న వయసులోనే మచ్చలు, తర్వాత క్యాన్సర్లు వస్తాయి.

రిపేరు కాని కణాన్ని ఆపే కాపలాదారు పీ53 అనే జన్యువు. చర్మ క్యాన్సర్లలో ఆ జన్యువు మీద ఎండ వేసిన ముద్రను బ్రాష్ బృందం 1991లో పట్టుకుంది. 1994లో ఇంకా క్యాన్సర్ కాని గరుకు మచ్చల్లోనే ఆ ముద్ర దొరికింది. తర్వాత వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచే పద్ధతులు వచ్చాక తేలింది ఏమిటంటే, పైకి చిన్న మచ్చే అయినా, లోపల జన్యువుల నడక అప్పటికే మంచి చర్మాన్ని వదిలి క్యాన్సర్ దిక్కుకు తిరిగి ఉంటుంది. అలాగని ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు, చాలావరకు కావు.

మన నల్లని రంగు మనకు గొడుగు. అందుకే ఈ క్యాన్సర్లు మనలో తక్కువ. పుట్టుకతోనే ఒళ్ళంతా తెల్లగా ఉండే పిల్లలకు ఆ గొడుగు లేదు.

ఈ రెండు జబ్బులూ ఎక్కువగా తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే బయటపడతాయి. మేనరికంలో, అక్క కూతురిని చేసుకోవడంలో ఒకే తాత నుంచి అది ఇద్దరికీ అందే అవకాశం ఎక్కువ. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. మా పెళ్ళీ మేనరికమే, కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపే నోరు మాకు లేదు.

ఆ తల్లికి మా మాట: ఇది దిష్టి కాదమ్మా, నీ తప్పూ కాదు. జబ్బు పేరు చర్మ వైద్యుడే చూసి చెప్పాలి. అంతవరకు పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, కళ్ళకు అద్దాలు. మానని గరుకు మచ్చ కనిపిస్తే ఆలస్యం వద్దు. మొదట్లో అయితే గడ్డకట్టించి తీసేస్తారు.

వచ్చే ఉగాదికి పిల్లల ఆటల పోటీలు సాయంత్రం అయిదున్నర తర్వాత పెట్టమని కమిటీకి రాసి ఇచ్చాం. ఆ పాప కూడా ఆడాలి.