గల్లా పెట్టె, షాజోగ్ హుండీ, ఆరంకెల ఓటీపీ

లాడ్ బజార్‌లో నా స్నేహితుడొకాయనకు లక్క గాజుల కొట్టుంది. తాతల నాటిది. ఇప్పుడు సగం బేరం ఫోన్‌లోనే: ఫొటో పంపడం, అడ్వాన్స్ తీసుకోవడం, కొరియర్ చెయ్యడం. పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం, కొట్టు కిటకిటలాడుతుంటే ఫోనొచ్చింది. "మీ వాట్సాప్ ఖాతా ఆగిపోతుంది, ఇప్పుడొచ్చిన ఆరంకెలు చెప్పండి" అన్నారు. గల్లా దగ్గరున్న కుర్రాడు చెప్పేశాడు. గంట తిరక్కముందే పాత గిరాకీలందరికీ ఆ కొట్టు పేరు మీదే "అడ్వాన్స్ ఈ నంబరుకు కొట్టండి" అని మెసేజ్‌లు వెళ్లాయి. ముగ్గురు పంపారు కూడా. డబ్బు పోయింది వాళ్లది, పరపతి పోయింది ఈయనది.

ఇది విన్నప్పుడు నాకు హుండీలు గుర్తొచ్చాయి. గుడి హుండీ కాదండోయ్! ఈ ఊళ్లో సాహుకారుకు డబ్బు కట్టి కాగితం రాయించుకుంటే, ఇంకో ఊళ్లో ఆయన తరఫు మనిషి ఆ కాగితం చూసి డబ్బిస్తాడు, ఆ హుండీ. 19వ శతాబ్దంలో కార్వాన్, బేగంబజార్ సాహుకారులు దూరప్రాంతాలకు డబ్బు పంపింది ఇలాగే. మరి దారిలో కాగితం దొంగ చేతిలో పడితే?

దానికి వాళ్లు చేసిన ఏర్పాట్లు చూడండి. మొత్తం ఒకసారి రాసి ఊరుకోరు. వంద రూపాయలు, అందులో సగం యాభై, దానికి రెట్టింపు ఇవ్వవలెను, ఇలా రాస్తారు. అంకె దిద్దితే దొరికిపోతుంది. షాజోగ్ హుండీ అయితే తెచ్చినవాడికల్లా ఇవ్వరు, బజారులో పేరున్న షావుకారు ద్వారా వస్తేనే ఇస్తారు. హుండీ పోతే రెండో ప్రతి రాస్తారు, దాన్ని పేఠ్ అంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. హుండీ రాసినాయన, ఫలానా హుండీ రాశాను అని అవతలి షావుకారుకు విడిగా ఉత్తరం వేస్తాడు. కాగితం ఒక దారిన, కబురు ఇంకో దారిన. రెండూ కలిస్తేనే డబ్బు.

ఇంటర్నెట్‌లో కార్డుతో కడితే రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచి పెట్టిన నియమం అదే కదా. ఓటీపీ ఆ రెండో ఉత్తరం లాంటిది. మా కుర్రాడు చేసిందేంటంటే, ఆ ఉత్తరాన్ని దొంగకు చదివి వినిపించాడు.

కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. 2022 జనవరిలో మన హైదరాబాద్‌లోనే ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కాజేశారు. అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకొచ్చిన ఫిషింగ్ మెయిళ్లతో దొంగలు లోపలికి దూరారని పోలీసుల దర్యాప్తులో తేలింది. డబ్బు వందకు పైగా ఖాతాల్లోకి, అక్కణ్ణుంచి ఇంకా వందల ఖాతాల్లోకి చీలిపోయింది. 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. బ్యాంకుకే అలా అయితే గాజుల కొట్టెంత?

మావాడు అదే నంబరుతో మళ్లీ లాగిన్ అయ్యాడు, దొంగ బయటికి పోయాడు. కానీ పోతూ పోతూ టూ స్టెప్ పిన్ పెట్టి పోయాడు. అది తెలియకపోతే ఏడు రోజులు ఆగాలి. రంజాన్‌లో ఏడు రోజులంటే లాడ్ బజార్‌లో ఎవరినైనా అడగండి! ఆ పిన్ ముందే మనం పెట్టుకుని ఉంటే, కుర్రాడు ఆరంకెలు చెప్పినా దొంగకు తలుపు తెరుచుకునేది కాదు. సెట్టింగ్స్‌లో రెండు నిమిషాల పని. అక్కడే ఈమెయిల్ కూడా ఇవ్వండి, పిన్ మర్చిపోతే అదే మీ పేఠ్. లింక్డ్ డివైసెస్‌లో తెలియని పేరుంటే తీసెయ్యండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇప్పుడు ఆ కొట్టులో రెండు ఫోన్లున్నాయి. గిరాకీలతో మాట్లాడేది గల్లా మీద, ఓటీపీలు వచ్చేది మావాడి జేబులో. మోసపోయిన ముగ్గురిలో ఇద్దరికి ఆయనే డబ్బు తిరిగిచ్చాడు. మూడో ఆమె తీసుకోలేదు, గాజులే కావాలంది.