పెన్సిలినును కాచిన తోడు



హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, మేడ్చలు దిక్కుగా దూలపల్లి యను ఊరు కలదు. అచ్చట అటవీశాఖవారి శిక్షణాలయమును, అడవియు నున్నవి. దానికి దక్షిణమున జీడిమెట్ల, బాలానగరముల ఔషధ కర్మాగారములు కలవు. ఆ సీమవారికి పెన్సిలిన్ పేరు క్రొత్తది కాదు. కాని పెన్సిలిన్ జాతి మందులను నాశనము కాకుండ కాచుచు వాని వెంట నడచు మరియొక పదార్థము కలదు. దాని చరిత్రమును నేడు మీకు మనవి చేయదలచితిని.

1928లో లండనునందు అలెగ్జాండర్ ఫ్లెమింగు బూజునుండి పుట్టిన పెన్సిలిన్ శక్తిని గుర్తించెను. పదేండ్లు గడచిన పిమ్మట ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ మున్నగువారు దానిని మందుగా తీర్చిరి. 1941 ఫిబ్రవరిలో వారు ఒక పోలీసు ఉద్యోగికి ఆ మందిచ్చి చికిత్స చేసిరి. అతడు కొంత కోలుకొనెను గాని, మందు చాలక మరణించెను. ఆశ్చర్యమేమనగా, అంతకు రెండు మాసముల ముందే, 1940 డిసెంబరులో, పెన్సిలినును పాడుచేయు ఎంజైము కొన్ని సూక్ష్మజీవులలో కలదని ఎబ్రహాము, చెయిన్ అనువారు 'నేచర్' పత్రికలో ప్రకటించి యుండిరి. మందు రోగులకు అందకమునుపే దాని శత్రువు కనబడినదన్నమాట!

ఆ శత్రువు పని యెట్టిది? పెన్సిలిన్ అణువున నాలుగు పరమాణువుల చిన్న వలయమొకటి కలదు. సూక్ష్మజీవి తన చుట్టును కట్టుకొను గోడను ఆ వలయబలముననే పెన్సిలిన్ చెడగొట్టును. ఎంజైము ఆ వలయమును నీటితో తెగగొట్టును. వలయము తెగిన పెన్సిలిన్ ఎందుకును కొరగాదు. ఎంజైము మాత్రము చెక్కుచెదరక మరియొక అణువుపైకి పోవును. దీనినే బీటా-లాక్టమేజు అందురు.

దీనిని జయించుటకు శాస్త్రజ్ఞులు రెండు మార్గములు త్రొక్కిరి. మొదటిది పెన్సిలిన్ రూపమునే మార్చుట. అట్లు 1960 ప్రాంతమున మెథిసిలిన్ వచ్చెను. కాని 1961 నాటికే దానికి లొంగని సూక్ష్మజీవులు ఇంగ్లండులో కనిపించెను. రెండవది ఎంజైమునే కట్టివేయుట. 1970 తరువాతి యేండ్లలో ఇంగ్లండునందలి బీచం సంస్థవారు స్ట్రెప్టొమైసిస్ క్లావులిజెరస్ అను సూక్ష్మజీవినుండి క్లావ్యులానిక్ ఆమ్లమును తీసిరి. దానికి రోగక్రిములను చంపు శక్తి స్వల్పము. అయినను దానిని పెన్సిలినుతో కలిపినచో, లొంగని క్రిములు లొంగుచుండెను! 1981లో దీనిని అమాక్సిసిలినుతో చేర్చి ఆగ్మెంటిన్ అను పేర ఆ దేశమున విడుదల చేసిరి.

భారతకథ నెరిగినవారికి ఈ మర్మము సులభముగా బోధపడును. కర్ణుని శక్త్యాయుధము ఒక్కమారే పనిచేయును. అది ఘటోత్కచునిపై వ్యయమైపోగా అర్జునుడు బ్రదికెను. ఈ ఆమ్లమును అట్లే ఎంజైము నోట తానే పడి, దానికి అంటుకొని, దానిని పనికిరానిదిగా చేయును. ఆలోపల అమాక్సిసిలిన్ తన పని ముగించును. 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలినును 125 మిల్లీగ్రాముల ఈ ఆమ్లమును చేరిన మాత్రనే మన దుకాణములలో '625' అందురు. పిపెరాసిలినునకు టాజోబాక్టమును ఇట్టి తోడే.

ఈ కథతో మన తెలుగువారికిని సంబంధము కలదు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వ సంస్థవారు బాలానగరమున మందుల కర్మాగారము నెలకొల్పిరి. అందు పనిచేసిన గుంటూరు జిల్లావాసి కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. బీచం సంస్థ కాలక్రమమున గ్లాక్సో స్మిత్‌క్లైనులో కలిసెను. 2011లో వారినుండి అమెరికాలోని బ్రిస్టల్ పట్టణపు పెన్సిలిన్ కర్మాగారమును, ఆ దేశమున ఆగ్మెంటిన్ పేర మందమ్ము హక్కును రెడ్డీస్‌వారు కొనిరి. కొన్నేండ్లకు ఆ కర్మాగారము మరల చేతులు మారినను, ఇంగ్లండున పుట్టిన మందు హైదరాబాదువారి చేతికి వచ్చుట సామాన్యమా? మద్రాసు నగరమున ఆర్కిడ్ సంస్థవారు కనుగొన్న ఎన్‌మెటాజోబాక్టము సెఫిపైముతో చేరి 2024లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందెను. తోడుమందును కొనుట దాటి కనుగొనుటకు దక్షిణదేశము ఎదిగినది.

అయినను ఘటోత్కచునితో యుద్ధము ముగియలేదు. 2008లో, న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడను చేరిన రోగియందు ఎన్.డి.ఎం. అను క్రొత్త ఎంజైము దొరకెను. అది జింకు బలమున పనిచేయునదగుటచే క్లావ్యులానిక్ ఆమ్లము దానిని కట్టలేదు. మనము అనవసరముగ మందు వాడిన ప్రతిమారును బలహీనమైన క్రిములు చచ్చి, ఇట్టి ఆయుధము గలవి మిగిలి వృద్ధిపొందును.

కావున నా మనవి యిది. జలుబు వైరసు వలన వచ్చునది; దానికి '625' ఏమియు చేయజాలదు. వైద్యుని చీటి లేక ఆ మాత్రను కొనకుడు. వైద్యుడు చెప్పినన్నాళ్లు వాడుడు. మిగిలినదానిని పొరుగువారికి పంచకుడు. శత్రువు కనబడిన పిమ్మట ఒక్క తోడుమందును కనుగొని విడుదల చేయుటకు నలువదేండ్లు పట్టెను. దానిని వ్యర్థము చేయుటకు అంతకాలము పట్టదు. అది చెడినచో, రేపు న్యుమోనియాతో మంచమెక్కిన మన బిడ్డకు ఇచ్చుటకు ఏమి మిగులును?