రిపోర్టులో ‘కేరాస్’ అని ఉంటే: ఒక ఎలుక వైరస్ నుంచి పెద్దపేగు క్యాన్సర్ దాకా

మొన్న మా బాబాయి తన బయాప్సీ రిపోర్టు వాట్సాప్‌లో పంపించారు. పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి పాకింది. అందులో ‘కేరాస్ మ్యుటేషన్ ఉంది’ అని ఒక లైను. "ఖరీదైన ఇంజక్షన్ ఒకటుందట, నాకు పనిచెయ్యదంటున్నారు. నిజమేనా, లేక డబ్బు పెట్టుకోలేననుకున్నారా?" అని అడిగారు. ఆయన ప్రశ్న కోసమే ఈ ఎపిసోడ్.

1964లో లండన్‌లో జెన్నిఫర్ హార్వీ అనే శాస్త్రవేత్త, చిట్టెలుకల్లో లుకేమియా తెచ్చే వైరస్‌ని పెద్ద ఎలుకలకి ఎక్కించారు. వాటి రక్తం నుంచి మళ్ళీ చిట్టెలుక పిల్లలకి ఎక్కిస్తే, లుకేమియా బదులు సార్కోమా గడ్డలు లేచాయి! 1967లో షికాగోలో వెర్నర్ కిర్‌స్టెన్ ఇలాంటి వైరస్‌నే ఇంకోటి పట్టుకున్నారు. ‘ర్యాట్ సార్కోమా’ కుదించి రాస్, కిర్‌స్టెన్ పేరు నుంచి కే. బాబాయి రిపోర్టులో ఉన్న పేరు అదే.

అసలు విషయం తర్వాత తెలిసింది. గడ్డలు తెచ్చే ఆ జన్యువు వైరస్‌ది కాదు, ఎలుక దగ్గర దొంగిలించింది. 1982లో మనిషి గడ్డల్లోనూ రాస్ జన్యువులు దొరికాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ అవి ఉంటాయి. తేడా అల్లా ఒక్క అక్షరం.

ఈ ప్రోటీన్ కణం పొరకి లోపలి వైపు అతుక్కుని ఉండే స్విచ్ అన్నమాట. బయట నుంచి ‘పెరుగు’ అని కబురొస్తే జీటీపీ అనే అణువుని పట్టుకుని ఆన్ అవుతుంది, దాన్ని తెంపేసి ఆఫ్ అవుతుంది. పన్నెండో స్థానంలో గ్లైసిన్ ఉండాలి, అమైనో ఆమ్లాలన్నిట్లో చిన్నది. అక్కడ దాదాపు ఇంకేది కూర్చున్నా ఇరుకైపోయి తెంపడం కుదరదు. స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది.

1988లో అమెరికాలో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం పేగు గడ్డల్ని సైజుల వారీగా చూసింది. సెంటీమీటరు లోపు పాలిప్‌లలో 9 శాతానికే రాస్ మార్పు, అంతకంటే పెద్దవాటిలో 58 శాతానికి. అంటే చిన్న పాలిప్‌ని పెద్దది చెయ్యడంలో దీని చెయ్యి ఉందన్నమాట. ఒంట్లో పాకడానికి మాత్రం ఇదొక్కటే చాలదు, ఇంకొన్ని జన్యువులు కూడా చెడాలి.

ఇక బాబాయి ఇంజక్షన్ సంగతి. 2004లో అమెరికాలో అనుమతి పొందిన సెటుక్సిమాబ్ కణం పైనున్న ఈజీఎఫ్ఆర్‌ని, అంటే కబురు అందుకునే చోటుని, మూసేస్తుంది. కేరాస్ దాని కింద ఉంటుంది. వీధిలో కరెంటు తీసేసినా ఇంట్లో జనరేటర్ నడుస్తుంటే లైట్లు ఆరవు కదా! కేరాస్ మారినవాళ్ళకి ఈ మందు వల్ల లాభం లేదని 2008లో తేలింది. అప్పటిదాకా ఎంతమంది ఊరికే ఎక్కించుకుని, ఒంటి నిండా దద్దుర్లు భరించారో! అందుకే నా దృష్టిలో, మందు ఇవ్వక్కర్లేదని చెప్పే పరీక్ష కూడా మందంత విలువైనదే.

కేరాస్‌కి మందే లేదని ముప్పై ఏళ్ళు అనుకున్నారు. 2013లో కెవాన్ షోకట్ బృందం జీ12సీ అనే రకంలో మందు పట్టే సందు కనిపెట్టింది. 2021లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి సోటొరాసిబ్ వచ్చింది. పేగులో అది ఒంటరిగా అంతగా పనిచెయ్యలేదు. కింద మూస్తే పైన ఈజీఎఫ్ఆర్ రెచ్చిపోతోంది మరి. దాంతో 2024లో అడాగ్రాసిబ్ అనే ఇంకో మందుకి తోడుగా ఆ పాత సెటుక్సిమాబే తిరిగొచ్చింది!

"డాక్టరుగారు నిజమే చెప్పారు బాబాయ్, డబ్బు సంగతి కాదు. ఏ రకమో రెండో పేజీలో ఉంటుంది, అది కూడా పంపించండి" అన్నాను. పంపించారు. జీ12డీ. ఆయనది జీ12సీ కాదు.