డైనమో పోయింది సార్!

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతుంటే కారు మొరాయించింది. తాళం తిప్పితే టక్ టక్ మంటుందే తప్ప ఇంజన్ తిరగదు. బ్యాటరీ పాతబడిందని నాకు నేనే తేల్చేసుకుని, వేలు పోసి కొత్తది వేయించా. నాలుగు రోజులకి మళ్ళీ అదే కథ. ఈసారి మా కాలనీ చివర షెడ్డులో ఉండే పెద్దాయన్ని పిలుచుకొచ్చా. ఆయన పక్కింటి కారుతో జంప్ స్టార్ట్ చేసి, మీటర్ పెట్టి చూసి, "బ్యాటరీ మంచిగనే ఉంది సార్, డైనమో పోయింది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "డైనమో సైకిల్‌కి ఉంటుంది పెద్దాయనా, కారులో ఉండేది ఆల్టర్నేటర్" అన్నా. ఎంతైనా ఈసీఈ కదా! "ఏదైతేంది సార్, చార్జింగ్ ఐతలేదు" అని ఆయన పనిలో పడ్డాడు.

పేరు నాది కరెక్టు, రోగం ఆయనది కరెక్టు. డబ్బులు మాత్రం నావే పోయాయి. ఆ ఉక్రోషంతో కాస్త చరిత్ర తవ్వితే తెలిసిందేమిటంటే, ఆయన మాట తప్పుది కాదు, పాతది.

ఒకప్పుడు కార్లలో నిజంగానే డైనమో ఉండేది. మన అంబాసిడర్‌కి మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నదీ డైనమోనే. కమ్యుటేటర్, బ్రష్‌లతో నేరుగా డీసీ కరెంటు ఇస్తుంది. చిక్కేంటంటే, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చాలినంత ఇవ్వలేదు. ఆల్టర్నేటర్ తక్కువ వేగంలో కూడా బాగానే ఇస్తుంది, కానీ అందులో పుట్టేది ఏసీ, బ్యాటరీకి కావాల్సింది డీసీ. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లు అప్పట్లో పెద్దవిగా, ఖరీదుగా ఉండేవి. చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చాకే దారి దొరికింది. 1960 మోడల్ వాలియంట్‌తో క్రిస్లర్ కంపెనీ ఆల్టర్నేటర్‌ని మామూలు కార్లలోకి తెచ్చింది. మూడు ఫేజులకి ఆరు డయోడ్లు. రెండో సంవత్సరం ల్యాబులో తంటాలు పడి కట్టిన బ్రిడ్జ్ రెక్టిఫయర్ నా కారు బానెట్ కిందే ఉందని, అందులో కాలిపోయింది ఆ డయోడ్లేనని పెద్దాయన విప్పి చూపించేదాకా నాకు తెలీదు!

అన్నట్టు, మనందరం వాడే "సెల్ఫ్" మాటేమిటి? "సెల్ఫ్ కొట్టు" అంటాం, దేనికి సెల్ఫ్ అని ఎప్పుడైనా ఆలోచించారా? పూర్వం ముందువైపు హ్యాండిల్ పెట్టి మనిషి తిప్పితేనే ఇంజన్ లేచేది. ఒక్కోసారి ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగేవి. 1912 మోడల్ క్యాడిలాక్‌లో చార్ల్స్ కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టించాడు. ఆయన అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో గల్లాపెట్టె యంత్రానికి మోటారు అమర్చిన ఇంజనీరు. కొన్ని సెకన్లే తిరిగితే చాలనుకుంటే, చిన్న మోటారు కూడా పెద్ద పని చేయగలదని అక్కడే గ్రహించాడు. ఇక మనిషి తిప్పక్కర్లేదు, తనంతట తానే లేస్తుంది కాబట్టి సెల్ఫ్ స్టార్టర్. హ్యాండిల్ పోయి తరాలు గడిచినా, అది ఉండేదన్న జ్ఞాపకం ఆ ఒక్క మాటలో మిగిలిపోయింది.

పోనీ, పేర్లు అటూ ఇటూ చేసేది షెడ్డు వాళ్ళేనా అంటే, కాదు. 1973లో ఫెరారీ ఒక కారుని బెర్లినెట్టా బాక్సర్ అని అమ్మింది. అసలు బాక్సర్ ఇంజన్‌లో ఎదురెదురు పిస్టన్లకి క్రాంక్ షాఫ్ట్ మీద వేర్వేరు పిన్నులుంటాయి. రెండూ ఒకేసారి లోపలికి, ఒకేసారి బయటికి కదులుతాయి, బాక్సర్ రెండు పిడికిళ్ళూ కొట్టుకున్నట్టు. ఫెరారీలో మాత్రం ఎదురెదురు పిస్టన్లు రెండూ ఒకే పిన్ను మీద ఉంటాయి. ఒకటి లోపలికొస్తే రెండోది బయటికెళ్తుంది. అంటే అది 180 డిగ్రీలకి విప్పిన వీ12, బాక్సర్ కాదు. తయారు చేసినవాళ్ళే అలా పిలిస్తే ఎవరూ నవ్వలేదు. పెద్దాయన డైనమో అంటే నేను నవ్వాను.

మన సంగతి మాత్రం? ప్రోగ్రాం కుప్పకూలితే ఇప్పటికీ "కోర్ డంప్" అంటాం. ఆ కోర్ అయస్కాంతపు కోర్ మెమరీ. 1970లలో సెమీకండక్టర్ మెమరీ దాన్ని పక్కకి నెట్టేసింది. రోజూ ఆ మాట వాడుతూ, ఆయన్ని దిద్దబోయాను.

మొన్న సర్వీసింగ్‌కి వెళ్ళినప్పుడు "పెద్దాయనా, డైనమో ఒకసారి చూడు" అన్నా. ఆయన చిన్నగా నవ్వి, "ఆల్టర్నేటర్ మంచిగనే ఉంది సార్" అన్నాడు!