లెక్క చెప్పనివాని పేరు కుండలో వేయరాదు

వీధి కుళాయికి నీరు రాకపోయినను, మురుగుకాలువ పూడిపోయినను, చెరువుగట్టు తెగినను జనులలో మొదట పుట్టు ప్రశ్న ఒక్కటే: దీనికి కర్త ఎవరు? రెండవ ప్రశ్న కొంత ఆలస్యముగా పుట్టును: దీనికై వసూలైన సొమ్ము ఏమైనది? మొదటి ప్రశ్నను అందరును బిగ్గరగా అడుగుదురు. రెండవదానిని అడుగుటకు మొగమాటపడుదురు. ఆ రెండవ ప్రశ్నను వెయ్యి సంవత్సరములకు పూర్వమే రాతిమీద చెక్కించి, దానికి సమాధానము చెప్పనివానిని పదవులకు దూరముగా నుంచిన ఊరు ఒకటి దక్షిణదేశమున కలదు. ఆ ఊరి వృత్తాంతమును నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఆ ఊరి పేరు ఉత్తరమేరూరు. తమిళనాడునందు కాంచీపురము జిల్లాలో, కంచికి దక్షిణముగా నున్నది. చోళరాజుల కాలమున అది చతుర్వేదిమంగళము, అనగా బ్రాహ్మణులకు దానముగా ఇచ్చిన అగ్రహారము. ఊరినడుమ వైకుంఠపెరుమాళ్ కోవెల కలదు. దాని గోడలమీద తమిళ, గ్రంథాక్షరములలో చెక్కిన శాసనములలో రెండు జగత్ప్రసిద్ధములైనవి. రెండును మొదటి పరాంతక చోళుని కాలము నాటివి. ఒకటి ఆయన పండ్రెండవ రాజ్యసంవత్సరమునది, అనగా క్రీ. శ. 919, రెండవది పదునాలుగవ రాజ్యసంవత్సరమునది, అనగా 921. శాసనపరిశోధకులైన వెంకయ్యగారు 1904-05 సంవత్సరపు పురావస్తుశాఖ నివేదికలో వీనిని పండితలోకమునకు వివరించిరి. తెలుగు కుటుంబమున జన్మించి మద్రాసు విశ్వవిద్యాలయమున ఆచార్యులైన కల్లిడైకురిచ్చి నీలకంఠశాస్త్రిగారు చోళపరిపాలనమును గూర్చి వ్రాసిన గ్రంథములలో వీనిని తరచి చూచిరి.

ఊరంతయు 30 భాగములుగా విభజింపబడెను. ఒక్కొక్క భాగమునకు ‘కుడుంబు’ అని పేరు. మన మాటలో చెప్పవలెనన్నచో వాడ, లేక పేట. ఊరి పనులు చూచు ఉపసంఘములకు ‘వారియము’లని పేరు. సంవత్సర వారియము పెద్దది. వయస్సునను విద్యయందును పెద్దలై, తోట పనియు చెరువు పనియు అంతకు మున్ను చేసి యెరిగిన 12 మంది అందుండిరి. తోట వారియమునకు మరి 12 మంది. చెరువును కనిపెట్టుకొని యుండు ఏరి వారియమునకు 6 గురు. బంగారు వ్యవహారము చూచునది పొన్ వారియము. ఇది గాక పంచవార వారియమని మరియొకటి. ఈ రెంటికిని ఆరేసి మంది. తోట అను మాట తమిళులదియు మనదియు నొక్కటే. పొన్ను అనినచో మన పాత తెలుగులోను బంగారమే. కనుక ఈ పేర్లు మన చెవికి పరాయివి కావు.

సభ్యులను ఏరు పద్ధతికి ‘కుడవోలై’ అని పేరు. కుడము అనగా కుండ. ఓలై అనగా తాటాకు. ప్రతి వాడవారును తమలో అర్హులైనవారి పేర్లను వేర్వేరు ఆకుముక్కలమీద వ్రాయుదురు. ఆ ముక్కలను కట్టగా కట్టి, ఏ వాడదో తెలుపు చీటిని దానికి తగిలించి కుండలో వేయుదురు. ఆబాలవృద్ధముగా మహాసభ కూడును. ఆ దినమున ఊరనున్న ఆలయపూజారులు ఒక్కరైన తప్పక సభామధ్యమున కూర్చుందురు. వారిలో వయోవృద్ధుడు లేచి నిలువబడి, అందరికి కనబడునట్లు కుండను పైకెత్తును. లోపల ఏమున్నదో ఎరుగని పసివాడు ఒక కట్టను తీయును. ఆ కట్టలోని ముక్కలను మరియొక కుండలో వేసి కదిపిన పిమ్మట, ఆ బాలుడే ఒక ముక్కను తీసి మధ్యస్థుని చేతికిచ్చును. మధ్యస్థుడు ఐదువ్రేళ్లు చాచి, అరచేయి తెరచి దానిని పుచ్చుకొనవలెను. ఆయన చదివిన పిమ్మట అచ్చటి పూజారులందరును అదే పేరు చదువవలెను. అప్పుడుగాని ఆ పేరు ఖాయము కాదు. ఈ విధముగా వాడకొక్కరు వంతున 30 మంది తేలుదురు.

ఇందులో ప్రతి చిన్న నియమము వెనుకను ఒక అనుమానము దాగియున్నది. అరచేయి ఏల తెరువవలెను? పిడికిట మరియొక ముక్క దాచియుంచవచ్చును గనుక. పసివాడే ఏల తీయవలెను? పెద్దవాడు గుర్తుపట్టి తీయవచ్చును గనుక. ఒక్కరు చదివిన చాలదా? చాలదు, ఉన్న పేరొకటి, చదివిన పేరొకటి కావచ్చును. ఎన్నడో ఎవడో చేసిన మోసము లేనిదే ఇట్టి నియమములు పుట్టవని మా అభిప్రాయము. రెండు శాసనములకు నడుమ రెండేండ్లే గడచినవి. 919 నాటి శాసనమున అర్హతలు క్లుప్తముగా నుండెను. వయస్సు 30కి పైబడి 60కి లోబడి యుండవలెననిరి. 921 నాటికి దానిని 35 మొదలు 70గా మార్చి, అనర్హతల పట్టికను బహుదూరము పెంచిరి. ఊరిలోని దుష్టులు నశించి తక్కినవారు వర్ధిల్లుటకై ఈ ఏర్పాటు చేయుచున్నామని తామే చెప్పుకొనిరి. తొలి ఏర్పాటులో లోపము కనబడగానే దిద్దుకొనుటకు ఆ సభ సిగ్గుపడలేదు.

అభ్యర్థికి పన్ను చెల్లించు భూమి వేలిలో పాతికకు మించి యుండవలెను. అది సుమారు ఒకటిన్నర ఎకరము. తన సొంత స్థలములో ఇల్లుండవలెను. వేదమంత్రములు చదివి యుండవలెను. భూమి అందులో సగమే యున్నను, ఒక వేదమును భాష్యములను బోధింపగలవాడైనచో అనుమతింతురు. గత మూడేండ్లలో ఏ వారియమునందును ఉండియుండరాదు. ఒకసారి చేసినవాడు తప్పుకొని మరియొకరికి చోటీయవలెను. పదవీకాలము 360 దినములు. నడుమ నేరస్థుడని తేలినచో వెంటనే తొలగింతురు. పొన్ వారియమునకును పంచవార వారియమునకును ఆరేసి మంది చొప్పున ఒక ఏడు 12 వాడలనుండి ఏరిన పిమ్మట, మరుసటి ఏడు ఆ వాడలను విడిచి తక్కిన వాడలకు అవకాశమిత్తురు. పదవి వాడవాడకు తిరుగవలెనే గాని ఒక వాడయందు పాతుకొనరాదని వారి భావము.

అనర్హతలలో ఇతరుల సొత్తు అపహరించుట, మహాపాతకములు, దుస్సాహసము, కపటపత్రములు వ్రాయుట మొదలగునవి కలవు. అన్నిటికంటె మా మనస్సును పట్టి నిలిపినది వేరొకటి. ఏ వారియమునందైనను పనిచేసి లెక్క చూపనివాని పేరు కుండలో వేయరాదు. అంతటితో విడువలేదు. అట్టివాని పెదతల్లి, పినతల్లి కొడుకులు, మేనత్త కొడుకులు, మేనమామ, మేనమామ కొడుకులు, తండ్రి అన్నదమ్ములు, తోడబుట్టిన వాడు, పిల్లనిచ్చిన మామ, భార్య తోబుట్టువు, చెల్లెలి మగడు, మేనల్లుడు, కూతురు మగడు, తండ్రి, కొడుకు, వీరిలో ఎవని పేరును వేయరాదు. ఊరి లెక్కలు వ్రాయు కరణమునకును ఇదే న్యాయము. తన లెక్కను పెద్దలకు ఒప్పజెప్పి, అది సరియైనదని అనిపించుకొను వరకును అతనికి మరల ఆ పని ఈయరాదు.

ఇంతమంది చుట్టములను ఏల ఇరికించిరి? ఒకని తప్పునకు మేనల్లునికి శిక్షయా అని నేటి న్యాయదృష్టికి తోచును. మాకును మొదట అట్లే తోచెను. కాని మేము కాపురమున్న పేటలో జరిగిన ఒక సంగతి జ్ఞప్తికి వచ్చినది. కొన్నేండ్ల క్రిందట నీటి ఎద్దడి వేళ ఇంటింట చందా వేసికొని బోరుబావి త్రవ్వింప నిశ్చయించితిమి. బావి పడినది, నీరును పడినది. లెక్క మాత్రము రాలేదు. మరుసటి ఏటికి లెక్క అడుగవలసిన పెద్దమనిషి, లెక్క చెప్పవలసిన పెద్దమనిషికి వియ్యంకుడాయెను. సమావేశమున కాఫీలు వచ్చినవి, లెక్క రాలేదు. మేమును అచ్చటనే కూర్చుంటిమి, మేమును అడుగలేదు. ఎదుటి ఇంటివారిని, ప్రతి ఉదయము పలుకరించువారిని, సొమ్ము సంగతి ఎట్లడుగుట? ఉత్తరమేరూరివారు ఎరిగిన రహస్యమిదే. దొంగతనముకంటె మొగమాటము లెక్కలకు పెద్ద శత్రువు. లెక్క చూపనివాడు తన స్థానమున తన బావమరదిని నిలుపును. బావమరది ఆ లెక్కను తవ్వడు. కనుకనే వారు చుట్టరికపు దారులన్నిటిని ముందుగానే మూసివేసిరి. అంతేకాదు, కొడుకునకు పదవి రావలెనన్న ఆశ కలవాడు తన లెక్కను సకాలమున ఒప్పజెప్పును. ఇంటివారే ఇంటివానిని లెక్క చెప్పుమని తొందరపెట్టుదురు.

అయితే శ్రోతలు ఈ గోడలను చూచి, ప్రజాస్వామ్యము మన ఊళ్లలో పరిపూర్ణముగా నుండెనని గర్వించుటకు తొందరపడరాదు. ఆ కుండలో స్త్రీ పేరు లేదు. భూమి లేని కూలివాని పేరు లేదు. చెరువు పూడిక తీసి, తోటలకు నీరు పెట్టి, ఆ ఊరిని పోషించిన చేతులకు ఆ సభలో చోటు లేదు. బ్రాహ్మణేతరుల గ్రామములకు ‘ఊర్’ అను సభలును, వర్తకులకు ‘నగరము’ అను సభలును వేరుగా నుండెను గాని, వానిలోను నిరుపేదకు మాట లేదు. పైగా ఈ ఏర్పాటు చేయునపుడు రాజాజ్ఞ వచ్చెను. రాజోద్యోగి సభలో కూర్చుండెను. ఎన్నిక అనుచున్నాము గాని, అది ఓటు కాదు, చీటీ.

ఈ రెండు ముఖములును మన రాజ్యాంగసభలోను ఎదురెదురుగా నిలిచినవి. 1948 నవంబరు 4వ తేదీన డాక్టరు అంబేద్కరు గ్రామమును అజ్ఞానమునకును సంకుచితత్వమునకును నిలయముగా వర్ణించి, వ్యక్తిని ప్రమాణముగా గొన్న రాజ్యాంగమును సమర్థించిరి. ఆ నెల 9వ తేదీన గుంటూరు జిల్లావారైన ఆచార్య రంగాగారు, దక్షిణదేశపు గ్రామపంచాయతుల వెయ్యేండ్ల చరిత్రను ఎరిగియున్నచో ఆయన అట్లనియుండరని బదులు పలికిరి. 22వ తేదీన సంతానంగారు ప్రతిపాదించిన సవరణను టంగుటూరి ప్రకాశం పంతులుగారు బలపరచిరి. గ్రామపంచాయతులను ఏర్పరుపవలెనని చెప్పు 40వ అధికరణము ఆ విధముగా వచ్చినది. మా మనవి ఏమనగా, ఆ వాదమున ఇరువురును సత్యమే పలికిరి. రంగాగారు కుండను చూచిరి; అంబేద్కరుగారు కుండలో లేని పేర్లను చూచిరి.

పిమ్మటి చరిత్ర మనకు దగ్గరిది. ఆంగ్లేయుల నాడు 1861లో భీమునిపట్టణమున పురపాలకసంఘము ఏర్పడెను. 1882 మే 18న రిప్పన్ ప్రభువు స్థానికస్వపరిపాలనను గూర్చిన తీర్మానము వెలువరించెను. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యము ప్రారంభమైనది. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74వ సవరణలు 1993లో అమలులోనికి వచ్చినవి. వానివలన గ్రామసభకు రాజ్యాంగమున చోటు కలిగినది. మూడింట ఒకవంతునకు తక్కువగాకుండ స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. జనసంఖ్య మూడు లక్షలు, లేక అంతకు మించిన పట్టణములలో వార్డు కమిటీలుండవలెనని నియమమేర్పడినది. కుండలో లేని పేర్లు ఇప్పుడు చేరినవి. ఇది పరాంతకుని కాలమువారు కలలోనైన ఊహింపని మేలు.

ఇక మిగిలినది రెండవ ప్రశ్న. అందరి పేర్లును కుండలో పడిన ఈ కాలమున, లెక్క అడుగు అలవాటు మాత్రము ఆ పాతగోడమీదనే ఉండిపోవలెనా? మీ ఊరి గ్రామసభ దండోరా విన్ననాడు, మీ వార్డు సమావేశమునకు కబురు వచ్చిననాడు, వెళ్లి కూర్చుండుడు. కాలువ ఎప్పుడు తీయింతురని అడిగిన పిమ్మట, పోయిన ఏడు తీయించినదానికి ఎంతయైనదని కూడ అడుగుడు. అడుగువాడు చుట్టమైనను, చెప్పువాడు మిత్రుడైనను తప్పులేదు. మేమును మా పేటలో అడుగవలసియున్నది. బోరుబావిలో నీరు నేటికిని వచ్చుచున్నది; లెక్కయే ఇంకను రావలసియున్నది.