నకలు ఇప్పించగలరు

ఏడు కొట్టకముందే గట్టు మీదికి వచ్చాం. మిరప చేల మీద మంచు ఇంకా విడవలేదు. బోనకల్ స్టేషను వైపు నుంచి గూడ్సు బండి ఒకటి పోతోంది, ఎంతసేపటికీ తెగదు. గోనెపట్టా పరిచి దాని మీద డ్రోన్ పెడతాను. ఉత్త నేల మీద పెడితే లేచిన దుమ్మంతా మోటార్లలోకే. రెక్కలు తిరగగానే తూము దగ్గరి కొంగలు లేచిపోతాయి. ఇరవై మీటర్లు, నలభై, అరవై. చేతిలోని తెర మీద మైనరు కాలువ నులక తాడులా సన్నబడుతుంది. నేల మీద సున్నంతో వేసుకున్న గుర్తులు తెల్ల చుక్కలై కనిపిస్తాయి.

వారబందీలో ఈ వారం ఈ మైనరు వంతు కాదు, కాలువ ఎండి ఉంది. నాకు కావలసిందీ అదే. సాగర్ ఎడమ కాలువ నీళ్లు బోనకల్ బ్రాంచిలోకి వస్తాయి, అక్కడి నుంచి మేజర్లకు, మైనర్లకు. ఈ మైనరు చివరి భూములకు మాత్రం సరిగా అందవు. పైవాళ్లు తూములు ఎత్తేస్తున్నారని కొందరు, పూడిక అని కొందరు. తగువులాడి విసిగిన రైతులు తలా కొంత వేసుకుని నన్ను పిలిచారు, అడుగు మట్టం ఎక్కడ ఎక్కిందో తేల్చమని. ఇది సెంటీమీటర్ల లెక్క.

బ్యాటరీ మారుస్తుంటే బైకు మీద పోయే ఒకాయన ఆగాడు.

“ఏందయ్యా ఇది, కాలువా రైలు కట్టా ఫొటోలు తీస్తున్నవా? సీక్రెట్ యాక్టు కింద లోపలేస్తారు, తెలుసా?”

పక్కనున్న రైతు ముఖం మారిపోయింది. “నిజమేనా బాబాయ్?”

ఎగరేయడం గురించైతే జవాబు నా సంచిలోనే ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. పటం చూసుకున్నాను, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. కానీ ఆయన అడిగింది ఎగరేయడం గురించి కాదు. ఫొటో మూలన పడ్డ రైలు కట్ట గురించి. దానికి నా దగ్గర కాగితం లేదు. డ్రోన్ మడిచేశాను.

ఆ రాత్రి 1923 నాటి అధికార రహస్యాల చట్టం ముందేసుకున్నాను. మూడో సెక్షన్ నిషిద్ధ స్థలాల దగ్గరికి పోవడం, శత్రువుకు పనికొచ్చే స్కెచ్, ప్లాను గీయడం నేరమంటుంది. దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశం ఉండాలనీ అంటుంది. నిషిద్ధ స్థలమంటే ఏమిటో రెండో సెక్షన్‌లో ఉంది. రక్షణ స్థావరాలు నేరుగా అందులోనే ఉన్నాయి. రైలు మార్గం, రోడ్డు, జలమార్గం మాత్రం కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే ఆ లెక్కలోకి వస్తాయి. నోటిఫై అన్న ఆ ఒక్క మాట కింద పెన్సిలుతో గీత గీశాను.

నాకు సర్వే నేర్పిన పెద్దాయన టోపోషీటును బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. పని అయ్యాక రిజిస్టరులో సంతకం. ఆ అలవాటు మా రంగాన్ని చాలాకాలం వదల్లేదు. 2005 మ్యాపు విధానం ప్రజలకో శ్రేణి, సైన్యానికో శ్రేణి అని పటాలను విడదీసింది. అసలు తలుపు తెరుచుకున్నది 2021 ఫిబ్రవరి 15న, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో. ముందస్తు అనుమతి వద్దు, భద్రతా క్లియరెన్సు వద్దు, స్వయం ధ్రువీకరణ చాలన్నారు. ఒక మీటరు కంటే సూక్ష్మమైన కొలతలైతే భారతీయ పౌరులు, సంస్థలే తయారుచేయాలి, డేటా దేశంలోనే ఉండాలి, ఇక్కడే ప్రాసెస్ కావాలి. అది చదివాక చెమట పట్టింది. అంతకుముందు ఒక పనిలో ఫొటోలన్నీ ఒక విదేశీ క్లౌడ్‌లోకి ఎక్కించబోయి, నెట్ సరిగా లేక మానుకున్నాను. నేను భయపడాల్సిన చోటు రైలు కట్ట కాదు, నా లాప్‌టాప్!

అయినా రాతపూర్వకంగా తేలాలి. ఒక ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను: “నేను ఈ కాలువను డ్రోన్‌తో సర్వే చేయవచ్చునా?” పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చాను. (మండల స్థాయిలో ఐదు, ఊళ్లో అయితే అసలు ఫీజే లేదు.) ముప్పై రోజులు నిండుతుండగా జవాబు: సలహా ఇవ్వడం సమాచారం కిందికి రాదు.

కోపం వచ్చింది గానీ, వాళ్లు రాసింది తప్పు కాదు. రికార్డులో ఉన్నది ఇవ్వాలి తప్ప అభిప్రాయం తయారుచేసి చెప్పనక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టే అంది. తప్పు నా ప్రశ్నది. చేయవచ్చునా అని అడిగితే, కాదనడం ఏ గుమాస్తాకైనా క్షేమం.

మళ్లీ రాశాను. “ఈ మైనరు కాలువను గానీ, దాని పక్కన ఉన్న రైలు మార్గాన్ని గానీ నిషిద్ధ స్థలంగా ప్రకటించిన నోటిఫికేషన్ మీ రికార్డులో ఉంటే, నంబరు, తేదీతో నకలు ఇప్పించగలరు.” ఈసారి మూడు వారాలకే వచ్చింది. ఒకటే వాక్యం: “అటువంటి నోటిఫికేషన్ ఏదీ ఈ కార్యాలయ రికార్డులలో లేదు.” సంతకం, గుండ్రటి ముద్ర.

దీంతో అంతా తేలిందనను. ప్రకటించే అధికారం కేంద్రానిది, కనుక అదే ప్రశ్న ఆన్‌లైన్లో ఢిల్లీకీ పంపాను. అది వచ్చేదాకా రైలు కట్ట పడ్డ ఫొటోలు పక్కన పెట్టి, కాలువ వరకే కత్తిరించి పని చేశాను. ప్రాసెసింగ్ ఇంట్లోనే. రాత్రంతా ఫ్యాను రొదకు మా ఆవిడ పక్క గదిలోకి మారింది.

తెల్లారి గట్టు మీద లాప్‌టాప్ తెరిచి చూపించాను. మూడో తూము దిగువన, కల్వర్టు దాటాక, అడుగు మట్టం జానెడు ఎక్కింది. రైతు దాన్ని ఒకసారి చూసి, ఆఫీసు జవాబు కాగితం వైపు చెయ్యి చాపాడు. ముద్ర మీద వేలు పెట్టి రుద్ది చూశాడు.

“దీని జిరాక్సు ఒకటి నాక్కూడా ఇప్పియ్యి బాబాయ్. కాలువ లష్కరుకు చూపెట్టాలె.”

బోనకల్ సెంటర్‌కు పోయి ఆరు కాపీలు తీయించాం. ఢిల్లీ జవాబు ఇంకా రాలేదు.